జింక పొట్ట తీయడానికి ఏ కత్తి కొనాలి?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ ప్రాంతం నుంచి ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దని కోరారు. ప్రకాశం జిల్లాలో పుట్టి పెరిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. పక్కింటి పెద్దాయన ఒక విశ్రాంత రైతు. ఆయన ప్రోత్సాహంతో వేట భద్రతా శిక్షణ పూర్తి చేసి, లైసెన్సు తీసుకుని, గత నవంబరులో ఆయనతో కలిసి జింకల వేటకు వెళ్లారు. ఒక ఆడ జింక దొరికింది. దాని పొట్ట చీల్చి పేగులు తీయడానికి ఇంట్లో కూరగాయలు తరిగే పొడవాటి కత్తిని వాడారు. మొన లోపలికి దిగి జింక కడుపు సంచికి చిల్లు పడింది. ఆకుపచ్చని రసం మాంసం మీద పారి, వెన్నెముక లోపలి వైపున ఉండే మెత్తని కండలో సగం కోసి పారవేయవలసి వచ్చింది. పెద్దాయన ఏమీ అనకుండా తన పాత మడత కత్తి తీసి మిగతా పని పూర్తి చేశారు. ఆ మౌనమే తనను ఎక్కువగా బాధించిందని ఈ పాఠకుడు రాశారు.

ఇంటికి వచ్చాక మరో సమస్య ఎదురైంది. ఆ కత్తి డిష్‌వాషర్‌లో కనబడగానే భార్య దాన్ని చెత్తబుట్టలో వేసి, జింకను కోసిన కత్తి ఏదీ ఇకపై తన వంటింట్లోకి రాకూడదని తేల్చి చెప్పారు. సంగతి తెలిసి డాలస్‌లో ఉన్న బావమరిది, బావ వేటకు వెళ్తున్నాడన్న ముచ్చటతో, ఏడంగుళాల అలుగు (పిడి కాక మిగిలిన, కోసే ఉక్కు భాగం), వెన్ను మీద రంపపు పళ్లు ఉన్న పెద్ద కత్తిని పుట్టినరోజు కానుకగా పంపారు. ఈసారి వేటకు తానూ వస్తానని అంటున్నారు. ఇంతలో ఈ పాఠకుడు దుకాణంలో మూడు కత్తులు చూసి వచ్చారు. ఒకటి పాతిక డాలర్ల లోపు దొరికే స్వీడన్ కత్తి. ఇంకొకటి నాలుగంగుళాల అలుగు, రబ్బరు పిడి ఉన్న మధ్యరకం అమెరికన్ కత్తి. మూడోది ఎస్30వీ ఉక్కుతో చేసిన, రెండు వందల డాలర్లు దాటిన కత్తి. "ఏది కొనాలి? బావమరిది మనసు నొప్పించకుండా ఆ కానుకను ఏం చేయాలి? మా ఆవిడ అభ్యంతరంలో నిజం ఎంత?" అని అడిగారు.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఈ ప్రశ్నకు తావే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో జింకను వేటాడడం నేరం. మీరున్న రాష్ట్రంలో అది లైసెన్సుతో, నిర్ణీత కాలంలో, ప్రభుత్వ పర్యవేక్షణలో జరిగే పని కనుకనే ఈ సమాధానం రాస్తున్నాను. ఇక్కడి బంధువులు ఎవరైనా చదివితే దీన్ని ఆ హద్దుల్లోనే అర్థం చేసుకోవాలని మనవి.

గత ఏడాది జరిగినదానికి మీరు మీ చేతకానితనాన్ని కారణంగా చూస్తున్నారు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, అసలు కారణం కత్తి పొడవు. జింక పొట్ట మీద తోలు, దాని కింద పలుచని కండ పొర, ఆ వెంటనే ఉబ్బిన కడుపు సంచి ఉంటాయి. జింక నెమరువేసే జంతువు కనుక ఆ సంచి పెద్దది. ప్రాణం పోయిన కాసేపటికే గాలితో నిండి పైకి తన్నుకువస్తుంది. తోలుకూ సంచికీ మధ్య ఉండే సందు చాలా స్వల్పం. ఆ సందులో పొడవాటి అలుగును నడిపించేటప్పుడు మొన ఎక్కడుందో చేతికి తెలియదు. పొట్టి అలుగైతే మొన మీ చూపుడు వేలికి దగ్గరలోనే ఉంటుంది కనుక దాని చోటు వేలికే తెలుస్తుంది.

ఈ కోత ఎలా చేయాలో మీకు శిక్షణలో చెప్పే ఉంటారు. అయినా కత్తి ఎంపికకు ఆధారం అదే కనుక మరొకసారి చెబుతాను. జింకను వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక ముగిసే చోట తోలును చిటికెతో పైకి లాగి, రెండు వేళ్లు పట్టేంత చిన్న గాటు పెట్టాలి. ఎడమచేతి చూపుడు వేలునూ మధ్య వేలునూ అరచేయి పైకి ఉండేలా ఆ గాటులోకి పోనిచ్చి, వాటిని కొద్దిగా విడదీసి, కడుపు సంచిని కిందికి అదిమిపట్టాలి. ఆ రెండు వేళ్ల సందులో కత్తిని పదునువైపు ఆకాశానికి చూసేలా పెట్టి, వేళ్లూ కత్తీ కలిసి వెనక్కి జరుగుతూ ఉంటే తోలు లోపలి నుంచి బయటికి తెగుతూ వస్తుంది. ఇలా లోపలి నుంచి కోయడం వల్ల రెండు మేళ్లు ఉన్నాయి. వెంట్రుకలు తెగి మాంసం మీద పడవు. ఆ గరుకు వెంట్రుకలకు తగిలి పదును మొద్దుబారే బాధా తప్పుతుంది. పన్నెండంగుళాల కత్తితో ఈ పని చేయబోతే పిడి మీ మోచేతి దగ్గరికి వస్తుంది. మూడున్నర అంగుళాల అలుగుతో అయితే మణికట్టు కదలికే సరిపోతుంది.

మన ఊళ్లలో మేకను కోసేవాళ్లను మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. మొద్దు మీద ఎముకలు కొట్టడానికి పెద్ద కత్తి వాడతారు కానీ, వేలాడదీసిన మేకకు తోలు ఒలిచేటప్పుడు, పొట్ట విప్పేటప్పుడు ఆ పెద్ద కత్తిని ముట్టరు. చేతిలో ఇమిడిపోయే చిన్న కత్తితో గాటు పెట్టి, మిగతాదంతా పిడికిలితో నెట్టి ఒలుస్తారు. జింక దగ్గరా అదే పద్ధతి పనికివస్తుంది. జంతువు పరిమాణాన్ని చూసి కత్తి కొనడం పొరపాటు. మీరు చేయబోయే అతి సున్నితమైన కోతను చూసి కొనాలి.

అందువల్ల అలుగు మూడు అంగుళాలకు తగ్గకుండా, నాలుగు అంగుళాలు దాటకుండా చూసుకోమని నా సలహా. మొన విషయంలో డ్రాప్ పాయింట్ ఆకారం మీకు అనువైనది. అందులో కత్తి వెన్ను చివరికి వచ్చేసరికి మెల్లగా కిందికి వంగుతుంది, మొన అలుగు మధ్య గీతకు దగ్గరగా ఉంటుంది. పైకి లేచిన సూది మొన కంటే ఇది లోపలి అవయవాలకు గుచ్చుకునే అవకాశం తక్కువ. వేట కత్తుల్లో ఈ ఆకారానికి పేరు తెచ్చినవాడు అమెరికన్ కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్. ఆయన 2010లో మరణించినా, ఇవాళ దుకాణాల్లో కనబడే వేట కత్తుల్లో చాలావాటి మీద ఆయన ఆలోచన ముద్ర ఉంది. వెన్ను మీద కొక్కెం ఉండే గట్ హుక్ రకం కూడా మీకు చూపించే ఉంటారు. మొదటి గాటు పడ్డాక తోలును జిప్పు తీసినట్టు తెరవడానికి అది బాగానే పనిచేస్తుంది, కడుపు సంచి భయం ఉన్నవారికి ధైర్యాన్నీ ఇస్తుంది. కానీ ఆ కొక్కెం లోపల వెంట్రుకలు, కొవ్వు ఇరుక్కుంటాయి. దాన్ని మామూలు సానరాయి మీద పదును పెట్టడం కుదరదు, సన్నని గుండ్రని కడ్డీ కావాలి. రెండు వేళ్ల పద్ధతి చేతికి అలవాటైతే దాని అవసరం ఉండదు కనుక, కొక్కెం కోసం మీరు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం.

ఉక్కు గురించి అందరూ గంటల తరబడి మాట్లాడతారు గానీ, చేతులు తెగేది ఎక్కువగా పిడి వల్ల. ఉదరవితానాన్ని, అంటే రొమ్ముకూ పొట్టకూ మధ్య ఉండే పొరను, కోశాక గాలి గొట్టాన్ని తెంపడానికి మీరు రెండు చేతులూ మోచేతి దాకా రొమ్ము గూడులోకి పెట్టవలసి ఉంటుంది. ఎడమచేత్తో గొట్టాన్ని పట్టుకుని కుడిచేత్తో కత్తి నడిపే ఆ క్షణంలో మీకు కత్తి కనబడదు, చేతులు రక్తంతోనూ కొవ్వుతోనూ జారుతుంటాయి, నవంబరు చలికి వేళ్లు సగం మొద్దుబారి ఉంటాయి. అప్పుడు చెయ్యి పిడి మీద నుంచి ముందుకు జారిందంటే నేరుగా పదును మీదికే వెళ్తుంది. కాబట్టి దుకాణానికి ఈసారి వెళ్లినప్పుడు వేటలో వాడే నైట్రైల్ గ్లవ్స్ జేబులో పెట్టుకుని వెళ్లండి. అనుమతి అడిగి, గ్లవ్స్ తొడుక్కుని, అరచేతిలో రెండు చుక్కల నూనె రాసుకుని, అలుగును ఒరలోనే ఉంచి పిడిని గట్టిగా పట్టుకుని మొనవైపు బల్లకేసి ఒత్తి చూడండి. చెయ్యి ముందుకు జరిగితే ఆ కత్తి ఎంత అందమైనదైనా వదిలేయండి. పిడికీ అలుగుకీ మధ్య వేలిని ఆపే చిన్న అడ్డు గానీ, వేలు కుదురుకునే లోతు గానీ తప్పక ఉండాలి. పిడి రంగు నారింజ అయితే ఇంకా మంచిది. ఎండుటాకుల్లో కింద పెట్టిన నల్ల కత్తిని సాయంత్రం చీకట్లో వెతకడం కష్టం, తెలియక మోకాలు ఆనించడం అంతకంటే ప్రమాదం.

ఇక మీ ఆవిడ అభ్యంతరం. దీన్ని మీరు ఆచారానికి సంబంధించిన పట్టింపుగా తీసుకున్నట్టు మీ ఉత్తరం ధ్వనిస్తోంది. కారణం ఏదైనా, ఆమె పట్టుబట్టిన విషయం నూటికి నూరుపాళ్లు సరైనది. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జింకల వ్యాధి మీ రాష్ట్రంలో 2002లో మొదటిసారి బయటపడింది, అదీ మీకు దగ్గరలోనే ఉన్న మౌంట్ హొరెబ్ చుట్టుపక్కల. ప్రియాన్లు అనే వికృతమైన ప్రోటీన్ల వల్ల వచ్చే ఈ వ్యాధి జింక మెదడును తినేస్తుంది. మనుషులకు సోకినట్టు ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అయినా ఆ ప్రోటీన్లు మామూలుగా ఉడికించినంత మాత్రాన నశించవు. అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వేటగాళ్లకు ఇచ్చే సూచనల్లో, గ్లవ్స్ వేసుకోవాలని, మెదడునూ వెన్నుపామునూ వీలైనంత తక్కువగా ముట్టాలని, వ్యాధి ఉన్న ప్రాంతాల్లో మాంసాన్ని పరీక్ష చేయించాకే తినాలని చెప్పడంతో పాటు, ఇంట్లో వాడే కత్తులనూ వంట సామానునూ ఈ పనికి వాడవద్దని స్పష్టంగా చెబుతోంది. మీ రాష్ట్ర సహజ వనరుల శాఖ జింక నమూనాలను ఉచితంగా పరీక్షిస్తుంది. ఈ నాలుగు మాటలూ ఆమెకు చెప్పి, "నువ్వు అన్నదే నిజం" అని ఒప్పుకోండి. వేట కత్తికి గ్యారేజీలో తాళం వేసే పెట్టె ఒకటి కేటాయించండి. దాన్ని కడిగే బకెట్టు, బ్రష్షు, గుడ్డ కూడా అక్కడే ఉండాలి. ఇంట్లో పిల్లలు ఉంటే ఆ తాళం మరీ అవసరం.

ఈ వ్యాధి సంగతి మీ కత్తి ఎంపికను కూడా మార్చేస్తుంది కనుక ఇక్కడ కొంచెం ఆగుదాం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇంట్లో వాడే బ్లీచ్‌ను రెండు పాళ్లు, నీళ్లు మూడు పాళ్లుగా కలిపిన ద్రావణంలో స్టెయిన్‌లెస్ స్టీల్‌ను ఐదు నిమిషాలు నానబెడితే దాని మీది ఈ ప్రియాన్లు పనిచేయకుండా పోతాయి. అయితే బ్లీచ్ మాంసం ముక్కల లోపలికి దిగలేదు. కనుక ముందు సబ్బునీళ్లతో రుద్ది, ఇరుక్కున్న ముక్కలన్నీ తీసేశాకే నానబెట్టాలి. ఐదు నిమిషాలు కాగానే మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి, లేకపోతే స్టెయిన్‌లెస్ ఉక్కు మీద కూడా గుంటలు పడతాయి. మామూలు కార్బన్ ఉక్కు అయితే ఈ బ్లీచ్‌కు అసలు తట్టుకోదు. అంటే మీ ప్రాంతంలో కార్బన్ ఉక్కు కత్తి, తోలు బిళ్లలు పేర్చి చేసిన పిడి, తోలు ఒర, ఈ మూడూ ఎంత ముచ్చటగా ఉన్నా మీకు పనికిరావు. తోలు రక్తాన్ని పీల్చుకుంటుంది, దాన్ని బ్లీచ్‌లో ముంచలేరు. అతుకులు, సందులు లేని రబ్బరు లేదా ప్లాస్టిక్ పిడి, అడుగున నీరు కారే రంధ్రం ఉన్న ప్లాస్టిక్ ఒర కావాలి.

పెద్దాయన మడత కత్తితోనే జీవితమంతా నెట్టుకొచ్చారు కదా, నాకూ అదే చాలదా అని మీరు రాశారు. ఆయన చేతికి అది చాలు. కానీ మడత కత్తి కీలులోకి రక్తం, కొవ్వు, వెంట్రుకలు చేరతాయి. విప్పి శుభ్రం చేయడం కష్టం. తాళం సరిగా పడకపోతే వేళ్ల మీద మూసుకునే ప్రమాదమూ ఉంది. మడవని కత్తికి ఆ బెడద లేదు. ఆయన మౌనం గురించి కూడా ఒక మాట. కొత్తవాడు కడుపు సంచికి చిల్లు పెట్టడం వేటగాళ్లలో ఎవరికీ వింత కాదు. మాంసం పాడవకముందే పని ముగించాలన్న తొందరలో ఆయన మాట్లాడకపోయి ఉండవచ్చు. ఈసారి మీరే ముందుగా, "నేను కోస్తాను, మీరు పక్కన నిలబడి చెప్పండి" అని అడిగి చూడండి. అలా అడిగితే నేర్పించడానికి ఇష్టపడని పెద్దవాళ్లు చాలా అరుదు.

మీరు చూసిన మూడు కత్తుల్లో స్వీడన్ కత్తి, మోరా పట్టణం పేరుతో వచ్చేది, స్టెయిన్‌లెస్ రకమే తీసుకుంటే మీ అవసరాలు దాదాపు అన్నీ తీరుస్తుంది. అదే నమూనాలో కార్బన్ ఉక్కు రకం కూడా అమ్ముతారు కనుక పెట్టె మీద చూసి తీసుకోండి. అలుగు నేను చెప్పిన నాలుగంగుళాలను కొద్దిగా దాటుతుంది గానీ అది పట్టించుకోనంత తేడా; పలుచగా ఉంటుంది, ఒర ప్లాస్టిక్‌ది. దాని పదును వాలు వెడల్పుగా, చదునుగా ఉండడం వల్ల ఆ వాలును సానరాయి మీద బల్లపరుపుగా ఆనించి రుద్దితే చాలు, కోణం తప్పుతుందేమోనన్న భయం ఉండదు. సాన పట్టడం ఇంకా రానివారికి ఇది గొప్ప సౌలభ్యం. లోపాలూ ఉన్నాయి. మొన డ్రాప్ పాయింట్ అంత మొద్దుగా ఉండదు, ఉక్కు పట్టీ పిడి చివరిదాకా సాగదు, ఎముకకు తగిలితే పదును అంచు వంగవచ్చు. పొట్ట తీయడానికి ఎముకలు కోయవలసిన పని లేదు కనుక ఇందులో పెద్ద నష్టం నాకు కనబడలేదు.

రెండో కత్తి, 420హెచ్‌సీ ఉక్కుతో చేసిన డ్రాప్ పాయింట్ రకం, మధ్యేమార్గం. ఆ ఉక్కు తుప్పును బాగా తట్టుకుంటుంది, సాధారణ సానరాయికి లొంగుతుంది. ఒకటి రెండు జింకల వరకు పదును నిలుస్తుంది. మీరు నూనె రాసిన చేత్తో పట్టుకుని చూసినప్పుడు చేతికి కుదిరితే, మొన విషయంలో మోరా కంటే మీకు ఇదే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

మూడోదాని గురించి మీకు ఎక్కువ ఆశ ఉన్నట్టు కనబడుతోంది. ఎస్30వీ నిజంగానే గొప్ప ఉక్కు. అందులోని వనేడియం కార్బైడ్లు అనే అతి గట్టి కణాల వల్ల పదును చాలాకాలం నిలుస్తుంది. వరసగా నాలుగైదు జింకలకు పొట్ట తీసి, తోలు ఒలిచేవారికి ఆ తేడా తెలుస్తుంది. ఏడాదికి ఒకటో రెండో జింకలను కోసే మీకు ఆ అవసరం రాదు. పైగా అదే కార్బైడ్ల వల్ల, పదును పోయాక మామూలు రాయి మీద దాన్ని తిరిగి తేవడం కష్టం, డైమండ్ పలక కావాలి. పదును పెట్టడం రాక మొద్దుబారిన ఖరీదైన కత్తి కంటే, మీ చేత్తో మీరే పదును పెట్టుకున్న చవక కత్తి ఎన్నో రెట్లు భద్రమైనది. మొద్దు కత్తిని బలంతో నెట్టాలి, నెట్టిన బలం ఒక్కసారిగా వదిలినప్పుడే గాయాలవుతాయి. డబ్బుకు ఇబ్బంది లేదు, మంచి వస్తువు చేతిలో ఉంటే తృప్తి అంటారా, కొనడంలో తప్పు లేదు. అయితే డైమండ్ పలకకూ, దాని మీద సాధనకూ కూడా సిద్ధపడి కొనండి.

బావమరిది కానుక సంగతి. ఏడంగుళాల అలుగు ఎందుకు పనికిరాదో పైన చెప్పాను. రంపపు పళ్లు దానికి తోడు, కత్తిని బయటికి లాగేటప్పుడు తోలుకూ గ్లవ్స్‌కూ పట్టుకుంటాయి. వాటితో రొమ్ము ఎముకను కోద్దామనుకోవచ్చు గానీ, మీ ప్రాంతంలో ఎముకలను, ముఖ్యంగా వెన్నును, కోయకుండా ఉండడమే మేలు. ఏమీ చెప్పకుండా ఆ కత్తిని అటకెక్కిస్తే నవంబరులో ఆయన వచ్చినప్పుడు ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు కలిగే నొప్పి ఎక్కువ. మొహమాటానికి దానితోనే కోయబోతే గత ఏడాది కథ ఆయన కళ్లెదుటే పునరావృతమవుతుంది. నిజం చెప్పి, రసీదు ఉంటే మార్చుకుందామా అని అడగడం మూడో దారి. మీ ఇద్దరి చనువును బట్టి అది సాధ్యమే కావచ్చు. నాకు నచ్చే దారి ఇంకొకటి ఉంది. ఆ కత్తిని వేటకు తీసుకువెళ్లి, చలిమంటకు పుల్లలు చీల్చడానికి, తాళ్లు కోయడానికి వాడండి. జింకకు మాత్రం ముట్టించవద్దు. ఆయన వచ్చేముందే ఫోన్ చేసి, "నువ్వు పంపింది బయటి పనులకు పెట్టుకున్నాను, పొట్ట తీయడానికి చిన్నది కొంటున్నాను, ఎందుకో నువ్వు వచ్చాక చూపిస్తాను" అని చెప్పండి. ఆయనకూ ఒక చిన్న కత్తి, గ్లవ్స్ తెచ్చి ఉంచితే తానూ పనిలో భాగమయ్యానని సంతోషిస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం మరవవద్దు. ఒకే జింక రొమ్ము గూడులో ఇద్దరి చేతులు ఒకేసారి ఉండకూడదు. ఒకరు కోస్తుంటే రెండోవారు కాళ్లు పట్టుకోవాలి.

నన్ను ఒకటి ఎంచుకోమంటే, మీ పరిస్థితిలో చేతికి కుదిరిన పక్షంలో రెండోదాన్ని, కుదరకపోతే స్టెయిన్‌లెస్ మోరాను తీసుకుంటాను. ఖరీదైనదానికి పెట్టబోయిన సొమ్ములో మిగిలినదానితో ఒక డైమండ్ పలక, ఎడమచేతికి కోతను తట్టుకునే గ్లవ్, దాని మీద వేసుకునే పొడవాటి గ్లవ్స్ పెట్టె, రెండు లీటర్ల మంచినీళ్ల సీసా కొనవచ్చు. నవంబరు వచ్చేలోపు వారానికో సాయంత్రం గ్యారేజీలో కూర్చుని ఆ పలక మీద పదును పెట్టి, కాగితాన్ని అంచు నుంచి కోసి చూడండి. కాగితం చిరగకుండా నున్నగా తెగిన రోజున కత్తిని కడిగి, ఆరబెట్టి, ఒరలో పెట్టి ఆ పెట్టెలో ఉంచండి.